పచ్చ గురువారం చారు

మా పెరట్లోకి వింతవెల్లుల్లి ఎలా వచ్చిందో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. పైకి అనేది మాత్రం నేనొక్కదాన్నే. చర్చి సంతలో మా అత్తగారు గెర్లిండె ముచ్చటపడి కొన్న పూలకుండీలో, మట్టి అడుగున మిరియాల్లాంటి గడ్డలుగా దాక్కుని వచ్చింది. కుండీలో పూలమొక్క ఆ ఏడే చచ్చిపోయింది. ఇది మాత్రం ఇల్లు తనదే అన్నట్టు స్థిరపడిపోయింది.

చూడ్డానికి అమాయకంగానే ఉంటుంది. మార్చిలో పచ్చటి ఆకు, ఏప్రిల్లో తల వంచుకున్న తెల్ల పువ్వు, నలిపితే వెల్లుల్లి వాసన. ఎండలు ముదిరేసరికి ఆకు జాడ కూడా ఉండదు. పీడ పోయిందనుకుంటాం. అది ఎక్కడికీ పోదు. నేల కింద గడ్డలు దాచుకుని, పూకాడ మీద పుట్టిన బుల్లి గడ్డల్ని చుట్టూ రాల్చి, పై వసంతానికి రెట్టింపై లేస్తుంది. పీకితే గడ్డలు రాలతాయి, కోస్తే మళ్ళీ మొలుస్తుంది, కంపోస్టులో పారేస్తే ఎరువుతో పాటు తోటంతా మన చేత్తో మనమే చల్లినట్టవుతుంది. బెర్లిన్‌లో ఎన్ని పార్కులు దీని పాలయ్యాయో లెక్కలేదు. మా కోపెనిక్ వీధిలో అయితే బూట్ల అడుగున ఇరుక్కుని ఒక పెరట్లోంచి ఇంకో పెరట్లోకి నడిచి వెళ్తుంది.

నేను దాని అంతు చూడాలని కూర్చున్నాను. పువ్వు విచ్చకముందే నాలుగు పళ్ళ పారతో జానెడు లోతు మట్టి పెళ్ళగించి, జల్లెడ పట్టి, దొరికిన ప్రతి గడ్డనూ సంచిలో మూటకట్టి చెత్తబండికి వేసేదాన్ని. తవ్వలేని చోట నల్ల టార్పాలిన్ పరిచి రాళ్ళు పెట్టేదాన్ని, వెలుతురు తగలక చస్తుందని. నా మొగుడు హోల్గర్ ట్రామ్ నడుపుతాడు. డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో నిలబడి, "పిండి జల్లించే ఆడవాళ్ళని చూశాను గాని మట్టి జల్లించేదాన్ని నిన్నే చూశాను ఆంకే. రాత్రికి రొట్టెలు దాంతోనేనా?" అని నవ్వేవాడు.

మా అత్తగారి పద్ధతి వేరు. "తినేసేదానితో యుద్ధమేమిటే? నువ్వు కలుపంటావు, నేను కూరంటాను" అనేది. గుడ్ ఫ్రైడేకి ముందురోజు, పచ్చ గురువారం నాడు, మా వైపు తొమ్మిది రకాల కొత్త ఆకులతో చారు కాస్తారు. చుక్కకూర, పాలకూర, పార్స్లీ, దురదాకు, పెరట్లో ఏది చిగిరిస్తే అది. ఆ చారు తాగినవాళ్ళకి ఏడాదంతా జబ్బు రాదని పెద్దల మాట. మా అత్తగారి చారులో తొమ్మిది ఆకులని పేరే గాని సగం గిన్నె వింతవెల్లుల్లే. అది మా పెరట్లో అడుగు పెట్టిన దగ్గర్నుంచీ నేను ఆ చారు ముట్టలేదు. శత్రువుని తవ్వి పారేస్తారు గాని వండుకు తింటారా? ఆవిడకి అది కోపం. ప్రతి ఏడూ నా ముందు ఒక పళ్ళెం పెట్టేది, ప్రతి ఏడూ నేను దాన్ని హోల్గర్ ముందుకు జరిపేదాన్ని.

ఆవిడ ముక్కుకి వీధిలో పెద్ద పేరు. పాలు రేపు విరుగుతాయని ఈ రోజే చెప్పేది. ఇరుగుపొరుగువాళ్ళు అడవిలో ఏరిన పుట్టగొడుగుల్ని బుట్టతో తెచ్చి ఆవిడ ముక్కు కింద పెట్టి, ఆవిడ తలూపితేనే వండుకునేవాళ్ళు. ఆకులు ఏరే విషయంలో మా దగ్గర ఒకటే సూత్రం. ఆకుని నలుపు, వాసన చూడు. వెల్లుల్లి వాసన వస్తే బుట్టలో వెయ్యి, రాకపోతే వదిలెయ్యి. ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే, ఇంచుమించు ఆ పోలికతోనే మొలిచే విషపు ఆకులు ఉన్నాయి. ప్రతి వసంతంలోనూ ఎక్కడో ఎవరో అవి తిని పోయారని పేపర్లో పడుతుంది. "ముక్కు లేని మొహాలు" అని మా అత్తగారు పేపరు మడిచేసేది.

ఆ గురువారం కళ్ళద్దాల షాపులో నాకు ఒంటిపూట పని. ఇంటికొచ్చేసరికి తల్లీ కొడుకూ భోజనానికి కూర్చుని ఉన్నారు. చారు మీద సగానికి కోసిన ఉడికిన గుడ్లు తేలుతున్నాయి.

"రెండో పళ్ళెం అయిపోయింది మావాడిది" అంది అత్తగారు, నాకు వినబడేలా. "కొందరికి నోరు లేదు గాని వీడికి ఉంది."

"నాకు నోరు లేదని ఎప్పుడు అనుకున్నారత్తయ్యా, ఎక్కువుందనే కదా మీ బాధ" అన్నాను.

ఆవిడ నా ముందు పళ్ళెం పెట్టింది. నేను హోల్గర్ ముందుకు జరిపాను. అతను మా ఇద్దరి మొహాలూ చూడకుండా అదీ లాగించేశాడు. నేను రొట్టె, జున్ను తిని, పాత బట్టలు కట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. మర్నాడు గుడ్ ఫ్రైడే, పార పట్టుకుంటే వీధంతా నోళ్ళు నొక్కుకుంటారు. ఆపిల్ చెట్టు కింద మిగిలిన ముక్క ఆ రోజే తవ్వేయాలని నా తాపత్రయం.

ఆపిల్ చెట్టు కింద నేల కిందటి ఎండాకాలం నుంచి టార్పాలిన్ కిందే ఉండేది. మంచు కరిగాక తీశాను. టార్పాలిన్ కింద చావాల్సిన వింతవెల్లుల్లి చావలేదు సరికదా గుంపులు గుంపులుగా లేచింది. చెట్టు మొదట్లో కొంత మేర ఎవరో కోసుకెళ్ళారు. ఎవరో ఏమిటి, మా అత్తగారే. ఎప్పుడూ కంచె వారన కోసేది. ఈసారి కంచె వారన నేను ఒక్క ఆకు మిగల్చలేదు కాబట్టి ఇక్కడికి వచ్చింది. కోసిన మోళ్ళ మధ్య పార దించబోయి ఆగాను. సన్నటి మోళ్ళ పక్కన మందపాటివి ఉన్నాయి. వెడల్పాటి ఆకుల్ని మొదట్లో కత్తితో ఒక్క కోతకి తెగ్గోసిన మోళ్ళు. ఒక్కో కుదురులో మూడు, నాలుగు. కోసినచోట ఇంకా తడిగా ఉంది.

వింతవెల్లుల్లికి అంత వెడల్పు ఆకు ఉండదు. మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. మామయ్య బతికుండగా ఆపిల్ చెట్టు కింద బోసికన్నెలు నాటాడు. ఆకు తోడు లేకుండా, శరత్తులో నేలలోంచి లేత ఊదా పువ్వు ఒక్కటే లేస్తుంది, అందుకని దానికి మా వైపు ఆ పేరు. ఆకు వసంతంలో వస్తుంది, ఒంటరిగా, పువ్వు ఊసు లేకుండా. దాని ఆకూ పువ్వూ ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోవు. అందుకే ఏప్రిల్లో ఆ ఆకు చూసి ఆ పువ్వుని ఎవరూ తలుచుకోరు. కిందటి శరత్తులో పూలు నా టార్పాలిన్ కిందే లేచి, అక్కడే కుళ్ళిపోయి ఉంటాయి. మేము వాటిని మర్చిపోయాం. దాని ఆకు, పువ్వు, గింజ, గడ్డ అన్నీ విషమేనని మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెబుతారు.

ఒక కుదురు కింద చేత్తో తవ్వాను. కోడిపెట్ట మొదటిసారి పెట్టిన గుడ్డంత గడ్డ, ముదురు గోధుమరంగు పొట్టు. గోటితో గిల్లి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వెల్లుల్లి వాసన వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. వెంటనే పార కర్ర వాసన చూశాను. అదీ వెల్లుల్లే. నా చొక్కా చెయ్యి, ఆపిల్ బెరడు, చివరికి జేబులో ఉన్న ఇంటి తాళంచెవి, అన్నీ వెల్లుల్లే. నా చేతులకి ఆ కంపు పట్టి వారాలైంది. ఈ చేతులతో రాయిని నలిపినా వెల్లుల్లి అనే అంటుంది నా ముక్కు.

గడ్డ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. అత్తగారు బల్ల దగ్గర పొయ్యికి వీపు పెట్టి కూర్చుని పేపర్లో గళ్ళ నుడికట్టు నింపుతోంది. పొయ్యి మీద మర్నాటి పాయసానికి పాలు పెట్టింది. హోల్గర్ ముందుగదిలో కాళ్ళు చాపుకుని టీవీ చూస్తున్నాడు.

"అత్తయ్యా, ఇది కాస్త వాసన చూడండి."

ఆవిడ గడ్డ అందుకుని, కళ్ళు మూసుకుని, పాతరోజుల్లో పుట్టగొడుగుల్ని చూసినంత శ్రద్ధగా చూసింది. "వెల్లుల్లి. ఇంకేముంటుంది?"

"సరిగ్గా చూడండి."

"నాకు చెప్తావుటే వాసన సంగతి?"

హమ్మయ్య అని తలుపుకి ఆనుకున్నాను. ఆ ముక్కు చెప్పిందంటే చెప్పినట్టే. అయినా నా పాడు బుద్ధి ఊరుకోదు. స్నానాలగదిలోకి పోయి సబ్బుతో, నిమ్మచెక్కతో చేతులు మండేదాకా తోముకున్నాను. గడ్డని కుళాయి కింద కడిగి, పొట్టు ఒలిచి, చాకుతో కోసి, మళ్ళీ చూశాను. పచ్చి బంగాళాదుంప వాసన. ఇంకో ముక్క కోసి చూశాను. వెల్లుల్లి లేదు, లవలేశం లేదు.

ఎక్కడి నుంచో మాడు వాసన వస్తోంది. వంటింట్లోకి వచ్చాను. పాలు పొంగి పొయ్యి మీద పడి నల్లగా మాడుతున్నాయి, పొగ కిటికీ దాకా పాకింది. మా అత్తగారు ఆ పొయ్యికి చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని, పెన్సిలు కొరుకుతూ ఏదో నది పేరు ఆలోచిస్తోంది.

నేను అక్కడే నిలబడిపోయాను. పొయ్యి కట్టేయాలని కూడా తోచలేదు. కిందటి శీతాకాలం పొయ్యి వెలిగించకుండా గ్యాస్ తిప్పి మర్చిపోయినప్పుడు కూడా ఆవిడ ఇలాగే నిశ్చింతగా కూర్చుని ఉంది. నేను కేకలేశాను ఆ రోజు. "ఇంకోసారి ఇలా జరిగితే వృద్ధాశ్రమమే గతి" అన్నాను. ఒళ్ళు తెలియని కోపంలో అన్న మాట. ఆవిడకి పెద్ద జలుబు చేసి తగ్గిన రోజులవి.

పొయ్యి ఆపి, ఫోను తీసుకుని పెరటి మెట్ల మీదకి పోయి విషాల హెల్ప్‌లైన్‌కి చేశాను. అవతల ఒకావిడ నెమ్మదిగా అడిగింది. ఎవరెవరు తిన్నారు, ఎంత తిన్నారు, తిని ఎంతసేపైంది. బోసికన్నె పేరుతో సహా అన్నీ చెప్పాను.

"ఇప్పుడు వాళ్ళకెలా ఉంది?"

"బాగానే ఉన్నారండీ. ఒకరు టీవీ చూస్తున్నారు."

"బాగున్నారని ఆగకండి. ఆ విషం మొదట ఏమీ చెయ్యనట్టే ఉంటుంది. వాంతులు మొదలయ్యేసరికి ఒంట్లోకి ఎక్కిపోయి ఉంటుంది. దానికి విరుగుడు మందు లేదు. ఉడికించినా చావదు. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్తే బొగ్గుపొడి పట్టిస్తారు, కడుపులో మిగిలినంత అది పట్టుకుంటుంది. ఆలస్యం చేస్తే ఆ దారి కూడా ఉండదు."

అంబులెన్స్ పంపమని అడిగి ముందుగదిలోకి వెళ్ళాను. హోల్గర్ నన్ను ఎగాదిగా చూశాడు.

"చారులో బోసికన్నె పడింది హోల్గర్. లే, చెప్పులేసుకో, ఆసుపత్రికి పోవాలి."

"ఎవరు చెప్పారు?"

"మోళ్ళు చూశాను. గడ్డ తవ్వి చూశాను."

"అమ్మా" అని వంటింట్లోకి కేకేశాడు. "ఆకులు వాసన చూసే కోశావా?"

"ఒక్కో ఆకూ చూశాను" అని జవాబొచ్చింది.

"విన్నావా? మా అమ్మ చూశానంటే చూసినట్టే. నీకు ఆ మొక్క మీద పిచ్చి ముదిరింది ఆంకే. కిందటేడు పక్కింటివాళ్ళ మీదకి పోయావు, మట్టి మోసుకొచ్చారని. ఇప్పుడు మా అమ్మ చారు మీద పడ్డావు. నాకు కడుపునొప్పి లేదు, ఏమీ లేదు. పండగపూట ఆసుపత్రిలో కూర్చోమంటావా?"

"నొప్పి వచ్చేదాకా ఆగకూడదట."

"అంబులెన్స్ వాళ్ళొస్తే నేను ఎక్కను. చెప్తున్నా."

ఎక్కడు. నాకు తెలుసు అతని మొండితనం. వద్దన్న మనిషిని వాళ్ళు కట్టి తీసుకుపోలేరు. అప్పుడు నాకు పుట్టిన భయం ఇంతకుముందు ఎప్పుడూ ఎరగను. ఎదురుగా నా మొగుడు, చొక్కా మీద చారు మరకతో, నవ్వుతూ ఉన్నాడు. ఆ బొజ్జలో ఏం కరుగుతోందో అతనికి తెలీదు. అతన్ని కదిలించే మాట ఈ ఇంట్లో ఒక్క మనిషి దగ్గరే ఉంది. ఆ మనిషి వంటింట్లో పెన్సిలు పట్టుకుని కూర్చుంది.

వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర చతికిలబడ్డాను.

"అత్తయ్యా, మీకు వాసన తెలియడం లేదు కదూ?"

"నోర్ముయ్యి."

"పాలు మాడిపోయాయి మీ వెనకాలే. చూడండి."

ఆవిడ వెనక్కి తిరిగి పొయ్యి వంక చూసింది. పెదవులు కదిలాయి. "చెవుడు, పాలు పొంగిన చప్పుడు వినపడలేదు" అంది.

"ఎక్కడికీ పంపను మిమ్మల్ని. ఆ రోజు అన్నది కోపంలో అన్నాను. వంటిల్లు మీదే. ఒక్కసారి మీ కొడుక్కి నిజం చెప్పండి. మీరు చెప్తేనే కదులుతాడు."

"నేను వాసన చూశాను. ప్రతి ఆకూ చూశాను." గొంతు వణుకుతోంది, మాట మాత్రం వణకలేదు. ఆవిడకి నేనంటే భయం. నేను ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ పెద్ద గొంతుతో తిరిగినందుకు దొరికిన ఫలం అది. ఏడుద్దామంటే టైం లేదు.

హోల్గర్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "అమ్మని ఏడిపిస్తున్నావా ఇప్పుడు?"

లేచాను. పొయ్యి పక్కన చారు గిన్నె ఇంకా గోరువెచ్చగా ఉంది. పళ్ళెంలోకి ఒక గరిటె వంచుకుని, చెంచా తీసుకుని, ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"మీరు ప్రతి ఆకూ చూశారు కదా. అయితే నేనూ తింటాను."

చెంచా ముంచాను. పచ్చటి తుక్కు, మధ్యలో వెడల్పాటి ఆకు ముక్క ఒకటి. ఆవిడ ఆపుతుందని నా ధీమా. ఎంత పడకపోయినా ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద బతికాం. చెంచా నోటిదాకా తెచ్చాను. ఆవిడ నా కళ్ళల్లోకి చూస్తోంది, రెప్ప వెయ్యడం లేదు. చెయ్యి ఎత్తలేదు. నోట్లో పెట్టుకున్నాను. అప్పుడైనా అంటుందేమో అని ఆగాను. అనలేదు. మింగాను. భయంతో ఒళ్ళు చల్లబడుతున్నా పంతం వదల్లేదు నేను. రెండో చెంచా కూడా మింగాను.

"అయిందా నాటకం?" అన్నాడు హోల్గర్. "చూడు, నేనూ తింటాను, గొడవ వదిలిపోతుంది." గిన్నె తన వైపు లాక్కుని గరిటె ముంచాడు.

మా అత్తగారు ఒక్క ఉదుటున లేచి గరిటె పట్టుకుంది. గిన్నె ఒరిగి చారు బల్లంతా పారింది, నుడికట్టు పేపరు పచ్చగా నానిపోయింది.

"తినకురా. నాకు వాసన తెలీదురా హోల్గర్. ఆ జలుబుతోనే పోయింది. కాఫీ కూడా వేన్నీళ్ళలాగే ఉంటోంది నాకు."

"మరి ఆకులు చూశానన్నావు?"

"నలిపాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇన్నేళ్ళ వాసన, గుర్తుంటుంది కదరా. వస్తున్నట్టే అనిపించింది."

హోల్గర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. గరిటె కింద పెట్టాడు. అప్పటికి వీధి చివర సైరన్ వినిపిస్తోంది. ఎవరి చెప్పులు ఎవరు వేసుకున్నామో తెలియకుండా బయటికి నడిచాం.

అంబులెన్స్ ఎక్కాం. దారిలో హోల్గర్, "ఆంకే తింటుంటే చూస్తూ ఊరుకున్నావేంటమ్మా?" అన్నాడు. ఆవిడ కిటికీ వైపు తిరిగింది. ఆ కిటికీకి తెల్ల రంగు వేసి ఉంది, బయట ఏమీ కనపడదు.

ఆసుపత్రిలో ముగ్గురికీ నల్లటి బొగ్గునీళ్ళు పట్టించారు. పెదవులు, పళ్ళు నల్లబడి దెయ్యాల్లా ఒకరినొకరం చూసుకున్నాం. నేను మింగింది రెండు చెంచాలు, అదీ అప్పుడే, కాబట్టి నాకేమీ కాదన్నారు. వాళ్ళిద్దరూ తిని చాలాసేపైంది. గడిచేదాకా చూడాలన్నారు. సాయంత్రం హోల్గర్ ఆసుపత్రి భోజనం బాగాలేదని విసుక్కుంటుంటే, హెల్ప్‌లైన్ ఆవిడ మాట తప్పేమో, నా పిచ్చేనేమో అని ఆశపడ్డాను. చీకటి పడేవేళకి ఇద్దరికీ వాంతులు మొదలయ్యాయి.

ఆ తర్వాత రోజులు నాకు వరసగా గుర్తులేవు. అతని గుండెకి తగిలించిన తెర మీద గీత కాస్త అటూ ఇటూ అయితే నా గుండె ఆగేది. నర్సు మొహంలో ఏ కండరం కదులుతుందా అని చూసేదాన్ని. రక్తంలో కణాలు పడిపోతున్నాయన్నారు. ఇన్ఫెక్షన్ రాకూడదని నన్ను మాస్కు వేసి దూరంగా కూర్చోబెట్టారు. చేతులు ఎన్నిసార్లు కడిగినా గోళ్ళ సందుల్లో ఇంకా వెల్లుల్లి వాసన ఉంది. ఈస్టర్ గంటలు ఎక్కడో మోగుతుంటే, అతను కళ్ళు తెరిచి "ట్రామ్ ఎవరు నడుపుతున్నారు?" అని సంధి మాటలు మాట్లాడాడు. నేను కారిడార్లోకి పోయి గోడకి తల ఆనించి ఏడ్చాను.

సోమవారం డాక్టరమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. "మీ ఆయన గండం దాటారు" అంది. "గుండె తట్టుకుంది. రక్తం మెల్లగా కోలుకుంటుంది. జుట్టంతా ఊడిపోతుంది, భయపడకండి, మళ్ళీ వస్తుంది."

"మా అత్తయ్య?"

"కిడ్నీలు పనిచెయ్యడం లేదు. వయసు చూడండి. స్పృహలోనే ఉన్నారు, మాట్లాడాలనుకుంటే ఇప్పుడే మాట్లాడండి."

అత్తగారి గదికి వెళ్ళాను. మంచంలో మనిషి సగమైపోయింది. నన్ను చూసి కళ్ళు పెద్దవి చేసింది. ఏం వార్త తెచ్చానో అని ఆవిడకి భయం.

"హోల్గర్ బతికాడత్తయ్యా. గండం దాటిందట."

ఆవిడ కళ్ళు మూసుకుంది. చెంప మీద నీళ్ళు జారాయి. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. ఇన్ని రోజులూ నా కడుపులో ఒక ప్రశ్న కుతకుత ఉడుకుతోంది. చావుబతుకుల్లో ఉన్న మనిషిని అడగకూడదని నాకూ తెలుసు. అడిగేశాను.

"మీ కొడుకు గరిటె పట్టుకోగానే ఆపారు. నన్నెందుకు ఆపలేదు?"

ఆవిడ కళ్ళు తెరిచి నన్నే చూసింది. "ఆ మొక్క వచ్చాక నా చారు నువ్వు ఒక్కసారైనా మింగావుటే? ఈసారి నిజంగా మింగుతావని నేనెలా అనుకుంటాను? మూతి దాకా తెచ్చి కింద పెడతావనుకున్నాను. పెట్టకపోయేసరికి నాకు చెయ్యి ఆడలేదు."

అడిగింది నేనే, తెలుసుకోవాల్సిందీ నేనే. ఆవిడ నా చెయ్యి కోసం తడుముకుంది, ఇచ్చాను. ఎముకలు తప్ప ఏమీ లేని చెయ్యి. కాసేపటికి, దొంగతనంగా అడిగే చిన్నపిల్లలా గొంతు తగ్గించి అంది.

"ఇంతకీ ఎలా ఉందే? నాకు రుచి కూడా తెలియలేదు ఈసారి. అందాజున ఉప్పు వేశాను."

ఒక్క అబద్ధం చాలు. కానీ అబద్ధం ఆడాల్సిన పని లేకపోయింది.

"చాలా బాగుందత్తయ్యా. ఉప్పు సరిగ్గా ఉంది. ఎక్కడా చేదు తగల్లేదు."

ఆవిడ మొహం విప్పారింది. నేను చెప్పింది నిజమే. అంత రుచిగా ఉంది కాబట్టే హోల్గర్ నా పళ్ళెం కూడా తిన్నాడు. ఆవిడ చెయ్యి నా చేతిలో నెమ్మదిగా బరువెక్కుతుంటే, దాన్ని వదలాలంటే భయమేసి, నర్సు వచ్చి భుజం తట్టేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.